1200 కిలోమీటర్లకి లీటర్ ఆయిల్ మాయం: ఇంజిన్ దించాల్సిందేనా?

ముసలిబండి
పద్నాలుగేళ్ళ పెట్రోల్ కారు. 1.4 లీటర్, 16 వాల్వులు, టర్బో లేదు, టైమింగ్ బెల్ట్. మీటర్ 1,63,000 చూపిస్తోంది. నాన్న దగ్గర్నుంచి నాకొచ్చింది. ఏడాదిగా ఆయిల్ తాగుతోంది. మొదట్లో సర్వీసుకీ సర్వీసుకీ మధ్య అర లీటర్ పోసేవాణ్ణి. ఇప్పుడు 1200 కిలోమీటర్లు తిరిగేసరికి లీటర్ డబ్బా ఖాళీ. కింద చుక్క కారడం లేదు. పికప్ బాగానే ఉంది, మైలేజీ కూడా పెద్దగా పడలేదు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తిప్పి, నల్లబడ్డ వేలు నాకు చూపించి "రింగులు పోయాయి, ఇంజిన్ దించాలి, బోర్ కొట్టించాలి" అన్నాడు. మొత్తం రెండు నిమిషాలు. బానెట్ కూడా ఎత్తలేదు. వేలు పెడితే తెలిసిపోతుందా నిజంగా? దించేముందు చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

సైలెన్సర్_సుబ్బు
రింగుల సంగతి చెప్పాడంటే ఉంగరం వేలు పెట్టి ఉంటాడు.

డిప్‌స్టిక్_దొర
ముందు ఒక్క విషయం చెప్పు. 1200కి లీటర్ అని ఎలా లెక్క కట్టావు? ఎర్ర లైటు వెలిగినప్పుడు పోస్తున్నావా, డిప్‌స్టిక్ తీసి చూస్తున్నావా? ఆ లైటు ప్రెషర్‌ది, లెవెల్‌ది కాదు. అది వెలిగేదాకా ఆగావంటే పంపు ఇప్పటికే గాలి పీలుస్తోందని అర్థం.

కొలిచే పద్ధతి: చదునైన ఒకే చోట, పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద, ప్రతిసారీ అదే చోట. మాక్స్ గీత దాకా నింపు, మీటర్ రాసుకో, 1000 తిరిగి మళ్ళీ అదే గీత దాకా ఆయిల్ పోయ్. పోసింది ఎంతో అదే నీ లెక్క. డబ్బా మీద గీతల్ని నమ్మకు. తూకం మిషన్ ఉంటే పోయకముందు, పోశాక డబ్బా బరువు చూడు. ఇంజిన్ ఆయిల్ మిల్లీలీటర్ దాదాపు 0.85 గ్రాములు.

ముసలిబండి
@దొర లైటు ఎప్పుడూ వెలగలేదు, డిప్‌స్టిక్కే చూస్తున్నా. కానీ పెట్రోల్ బంకులో ఒకసారి, ఇంటి ముందు వాలులో ఒకసారి, ఎక్కడ గుర్తొస్తే అక్కడ. సరే, సరిగ్గా కొలుస్తా.

బోల్టు_బాబాయ్
తమ్ముడూ, వేలికి నలుపు అంటడం పెట్రోల్ బండిలో మామూలే. ఆ మసి పొడిగా ఉందా, జిడ్డుగా ఉందా అది చూడాలి. పొడి మసి పెట్రోల్ ఎక్కువ కాలడం వల్ల కూడా వస్తది. వేలు చూసి ఇంజిన్ దించమంటే నేను ఒప్పుకోను. ముప్పై ఏళ్ళు షెడ్డులో చేశా, ఇంజిన్ విప్పాక "అరె రింగులు బాగానే ఉన్నాయే" అనుకున్న రోజులు నాకే ఉన్నాయి.

మూడు ప్రశ్నలు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే పొగ వస్తదా, వస్తే ఎంతసేపు? పెద్ద దిగుడులో గేరులోనే యాక్సిలరేటర్ వదిలేసి దిగి, కింద మళ్ళీ తొక్కితే వెనక పొగ కనిపిస్తదా? ఎక్కుడు ఎక్కేటప్పుడు, లోడ్ మీద వస్తదా? పొగ రంగు కూడా చెప్పు. నీలం, తెలుపు, నలుపు మూడూ మూడు వేరే జబ్బులు.

చిక్కటి_నూనె
ఇంత హడావిడి ఎందుకు. 20డబ్ల్యూ 50, అదే బాగా చిక్కటి గ్రేడ్ ఆయిల్, పోసేయ్. సగానికి సగం తగ్గుతుంది. నేను నాలుగేళ్ళుగా అదే పోస్తున్నా, బండి నడుస్తూనే ఉంది.

కొత్తగా_కొన్నా
తెలుపు అంటే ఏంటి, నీలం అంటే ఏంటి? నాకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

బోల్టు_బాబాయ్
@కొత్తగా_కొన్నా వెలుతురుకి ఎదురుగా నిలబడి చూడు. నీలం పొగ గాల్లో కాసేపు వేలాడతది, కాలిన నూనె వాసన ముక్కుకి తగులుద్ది. తెల్లటిది చల్లటి పొద్దున వచ్చి వేడెక్కాక పోతే అది ఉత్త ఆవిరి, పట్టించుకోకు. వేడెక్కాక కూడా వస్తా ఉండి, కూలెంట్ తగ్గుతా ఉంటే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. నలుపు అంటే పెట్రోల్ ఎక్కువ పోతాందని.

ముసలిబండి
నిన్నా ఇవాళా చూశాను. మా తమ్ముణ్ణి వెనక నిలబెట్టి వీడియో తీయించా.
పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ. నాలుగైదు సెకన్లు. తర్వాత శుభ్రం.
దిగుడులో వదిలేసి కింద తొక్కితే మళ్ళీ ఒక గుప్పు.
ఎక్కుడులో ఏమీ లేదు. కనీసం వీడియోలో కనిపించలేదు.
కూలెంట్ తగ్గలేదు.

బోల్టు_బాబాయ్
అయితే ముందు వాల్వు సీళ్ళ మీద అనుమానం. రాత్రి పైన హెడ్‌లో మిగిలిన నూనె గట్టిపడ్డ సీలు సందులోంచి కారి వాల్వు కాడ వెంట దిగి కూర్చుంటది. పొద్దున అదే కాలి గుప్పున వస్తది. దిగుడులో త్రాటిల్ మూసుకుంటే మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ బాగా పెరుగుద్ది, ఇన్‌టేక్ గైడ్లలోంచి (వాల్వు కాడ కదిలే గొట్టాలు) నూనెని పీకుద్ది. రింగులదైతే లోడ్ మీద, రేస్ ఇచ్చినప్పుడు ఎక్కువ కనపడాల.

కానీ సీళ్ళ జోలికి కూడా ఇప్పుడే పోకు. ముందు పీసీవీ వాల్వు చూడు, ఇంజిన్ కింద చేరే గ్యాస్‌ని ఇన్‌టేక్‌కి పంపేది. పైన కవర్ మీద కానీ, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి పోయే పైపు మొదట్లో కానీ ఉంటది. పీకి చెవి దగ్గర ఊపు. టకటక మోగాల.

నీలిపొగ
బాబాయ్ చెప్పింది పుస్తకం ప్రకారం కరెక్టే, కానీ నా అనుభవం వేరు. నాది కూడా అచ్చం ఇదే: పొద్దున గుప్పు, దిగుడులో గుప్పు. సీళ్ళు మార్పించా. రెండు వారాలు ఆనందం. తర్వాత లెక్క చూస్తే 1000 కిలోమీటర్లకి 700 మిల్లీ నుంచి 650కి వచ్చింది. అంతే. చివరికి విప్పితే ఆయిల్ రింగు మసితో గాడిలోనే అతుక్కుపోయి ఉంది. పిస్టన్‌లో నూనె వెనక్కి పోయే చిల్లులన్నీ పూడిపోయాయి. కంప్రెషన్ మాత్రం అన్నీ బ్రహ్మాండం! పై రెండు రింగులు గ్యాస్ ఆపుతాయి, మూడోది నూనె గీకుతుంది. మూడోది చచ్చినా కంప్రెషన్ మీటరుకి తెలియదు.

అందుకే పొగ చూసి "సీళ్ళే" అని గట్టిగా చెప్పేవాళ్ళని నేను సగమే నమ్ముతా.

బోల్టు_బాబాయ్
@నీలిపొగ "అనుమానం" అన్నాను తమ్ముడూ, "సీళ్ళే" అనలేదు. పైకెళ్ళి చదువుకో. మూడో రింగు మాట మాత్రం నిజం, అది చాలామంది మర్చిపోతారు.

మూడో_గేరు
ఆయిల్ రింగ్ పట్టేస్తె విప్పకుండనే మందు ఉంది కదన్నా. ప్లగ్గులు తీసి సిలిండర్లల్ల కార్బన్ క్లీనర్ పోసి రాత్రంత నానబెట్టాలె. నాకు పని చేసింది. కాని మొదటిసారి చేసిన తప్పు చెప్త వినుండ్రి. పొద్దుగాల లేట్ అయితుందని మిగిలిన క్లీనర్ గుంజకుండనే ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొట్టిన. టక్ మని ఆగిపోయింది. నీళ్ళ లెక్క ఉన్నది నొక్కుకపోదు కద. నా అదృష్టం, సెల్ఫ్ ఒక్కటే మొరాయించింది, కనెక్టింగ్ రాడ్ వంగలే. అప్పటి సంది ముందుగాల సిరంజికి పైపు పెట్టి గుంజుత, తర్వాత ప్లగ్గులు లేకుండ, ఇగ్నిషన్ వైర్లు పీకి సెల్ఫ్ కొడ్త, పైన గుడ్డ కప్పుత. మొహం దూరం పెట్టుండ్రి, పిచికారి లెక్క ఎగుర్తది.

డిప్‌స్టిక్_దొర
@మూడో_గేరు ఇంకోటి కలుపు. ఆ క్లీనర్ తేలిగ్గా అంటుకుంటుంది. నిప్పు దగ్గర వద్దు, గది మూసి వద్దు. నానబెట్టిన తర్వాత పాత ఆయిల్ తప్పకుండా తీసేయాలి, ఎందుకంటే కొంత క్లీనర్ రింగులు దాటి కింద ఆయిల్ నిలిచే సంప్‌లో కలుస్తుంది.

ల్యాబ్_లక్ష్మి
@చిక్కటి_నూనె గారూ, నేను లూబ్రికెంట్ల ల్యాబ్‌లో పని చేస్తాను, అందుకే ఊరుకోలేకపోతున్నా. తగ్గుతుంది, నిజమే. కానీ ఎందుకు తగ్గుతుందో రెండు ముక్కలు.

ఆయిల్ పోయే దారులు రెండు. ఒకటి సందుల్లోంచి జారి కాలిపోవడం. చిక్కటిది నెమ్మదిగా జారుతుంది, అక్కడ లాభమే. రెండోది ఆవిరైపోవడం. దీనికి నోయాక్ అని ఒక పరీక్ష ఉంది: నూనెని 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి బరువు ఎంత తగ్గిందో చూస్తారు. ఏపీఐ ఎస్‌పీ (అమెరికా ప్రమాణం) 5డబ్ల్యూ 30కి 15 శాతం దాకా పోనిస్తారు. ఏసీఈఏ ఏ3/బీ4 (యూరప్ ప్రమాణం) ఆయిల్‌కి 13 శాతమే హద్దు. అంటే ఒకే నంబరున్న రెండు డబ్బాలు ఆవిరవడంలో ఒకేలా ఉండవు. పిస్టన్ రింగుల దగ్గర వేడికి తేలిక భాగం ముందు ఎగిరిపోయి, మిగిలింది గట్టిపడి రింగు గాడిలో మసి అవుతుంది. నీలిపొగ గారి మూడో రింగు అలా అతుక్కున్నదే అయ్యుండొచ్చు.

ఇక 20డబ్ల్యూ 50. సన్నటి నూనెకి కట్టిన ఇంజిన్లో దాన్ని పోస్తే చల్లటి పొద్దున పైన క్యామ్‌షాఫ్ట్‌కి చేరడానికి ఆలస్యం అవుతుంది. హైడ్రాలిక్ టాపెట్లుంటే (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే ముక్కలు) టకటక వినిపిస్తుంది. ముసలిబండి గారూ, మాన్యువల్‌లో ఉష్ణోగ్రతల పట్టిక ఉంటుంది, చూడండి. 5డబ్ల్యూ 40 కానీ 10డబ్ల్యూ 40 కానీ ఒప్పుకుంటే ఒక మెట్టు ఎక్కండి. ఒక్క మెట్టే. అదీ జబ్బు తెలిశాక. ఇప్పుడే మారిస్తే మీ కొలతలు దేనికీ పనికిరావు.

చిక్కటి_నూనె
మేడమ్, ల్యాబ్‌లో సరే. రోడ్డు మీద నా బండి నాలుగేళ్ళుగా నడుస్తోంది.

సైలెన్సర్_సుబ్బు
మా తాతయ్య కూడా తొంభై ఏళ్ళు చుట్ట కాల్చాడు. డాక్టర్లకి చెప్పలేదు అంతే.

చిక్కటి_నూనె
మీ తాతయ్యకి కూడా పొద్దున నీలం పొగే వచ్చేదా?

సైలెన్సర్_సుబ్బు
లోడ్ మీద కూడా వచ్చేది. రింగులే.

కొత్తగా_కొన్నా
పొగే కనపడకపోతే ఆయిల్ కాలట్లేదనేనా? నాది తగ్గుతోంది కానీ వెనక ఏమీ లేదు.

ల్యాబ్_లక్ష్మి
అలా అనుకోకండి. వేడెక్కిన క్యాటలిటిక్ కన్వర్టర్ కొంత నూనె ఆవిరిని లోపలే కాల్చేస్తుంది, బయటికి కనపడదు. అయితే ఆ పని దానికి ఊరికే కాదు. ఇంజిన్ ఆయిల్‌లో అరుగుదల ఆపడానికి వేసే జింక్, ఫాస్ఫరస్ ఉంటాయి. ఆ ఫాస్ఫరస్ కన్వర్టర్‌లో పూతలా పేరుకుని దాన్ని మెల్లగా చంపేస్తుంది. లీటర్ పోసుకుంటూ తిరిగేద్దాం అనుకునేవాళ్ళు అది కూడా లెక్కలో వేసుకోవాలి.

డిప్‌స్టిక్_దొర
దానికి తోడు ఇంకో మోసం. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో కాలని పెట్రోల్ కొంత సంప్‌లో చేరుతుంది. ఆయిల్ తగ్గుతున్నా లెవెల్ తగ్గినట్టు కనపడదు. అదే బండి ఒకరోజు హైవే మీద మూడు గంటలు పోతే ఆ పెట్రోల్ ఆవిరైపోయి, లెవెల్ ఒక్కసారి దిగిపోతుంది. "నిన్నటిదాకా బాగుంది, ఒక్క ట్రిప్పుకే అర లీటర్ తాగింది" అనేవాళ్ళలో చాలామంది కథ ఇదే.

ముసలిబండి
పీసీవీ పీకాను. ఊపితే మోగలేదు. అసలు వాల్వులాగే లేదు, తారు ముద్దలో ముంచి తీసినట్టు ఉంది. కార్బ్ క్లీనర్ కొట్టి సన్న పుల్లతో నొక్కితే లోపలి పిన్ను ఇంత కదిలి మళ్ళీ ఇరుక్కుంది. దాని పైపులో వేలు పెడితే (మా మెకానిక్ అలవాటు నాకూ వచ్చింది) నూనె. త్రాటిల్ బాడీ లోపల కూడా తడి.

బాబాయ్, ఇదేనా దొంగ?

బోల్టు_బాబాయ్
ఒక దొంగ దొరికాడు. ఇంకా ఎంతమంది ఉన్నారో తర్వాత.

ఇంజిన్ ఎంత కొత్తదైనా రింగుల పక్కనుంచి కొంచెం గ్యాస్ కిందకి దిగుద్ది. దాన్ని పీల్చి మళ్ళీ ఇన్‌టేక్‌లో పడేయడమే పీసీవీ పని. అది మూసుకుపోతే కింద ప్రెషర్ పెరిగి నూనె ఎక్కడ సందు దొరికితే అక్కడికి తన్నుకొస్తది: బ్రీదర్ పైపులోకి, సీళ్ళలోంచి, రింగుల మీదకి. తెరుచుకునే ఉండిపోతే నూనె తుంపరని ఆపకుండా పీల్చేస్తది. శుభ్రం చేసి పెట్టొద్దు, కొత్తది వెయ్యి. ఇంజిన్‌లో ఇంతకన్నా చిన్న ఖర్చు పని లేదు.

వేశాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి, ఆ చిల్లు మీద పల్చటి కాగితం పెట్టు. మెల్లగా లోపలికి లాక్కోవాల. ఎగరగొట్టిందంటే బ్లో-బై, అంటే రింగుల పక్కనుంచి కిందకి దిగే గ్యాస్, ఎక్కువ ఉంది, అప్పుడు రింగుల మాట మాట్లాడుకుందాం. మూత పైకి రానంతగా పట్టి లాగినా మంచిది కాదు.

నీలిపొగ
కవర్‌లోనే పీసీవీ కలిసిపోయి లోపల రబ్బరు పొర ఉండే ఇంజిన్లలో ఆ పొర చిరిగితే బాబాయ్ చెప్పిన ఆ రెండోది జరుగుతుంది. సన్నగా ఈల కూడా వినిపిస్తుంది.

ముసలిబండి
కొత్తది వేశా. కాగితం లోపలికే లాగింది, ఊపిరి పీల్చినట్టు. ఇక 1000 తిరిగి వస్తా.

కొత్తగా_కొన్నా
ఈలోపు నా డీజిల్ గురించి అడగనా? టర్బో పైపులో నూనె ఉంది.

నీలిపొగ
పైపులో పల్చటి తడి చాలా టర్బో బండ్లలో ఉంటుంది, అది బ్రీదర్ తుంపర. నూనె నిలిచి ఉంటే మాత్రం టర్బో షాఫ్ట్‌ని చేత్తో ఊపించి చూపించు, టర్బోలోంచి కిందకి దిగే రిటర్న్ పైపు మూసుకుందేమో కూడా. ఆలస్యం చేయకు. టర్బో సీలు పూర్తిగా పోతే డీజిల్ ఇంజిన్ ఆ నూనెనే ఇంధనంగా తాగి తనంతట తనే రేస్ అందుకుంటుంది. తాళం తిప్పినా ఆగదు. నేను పక్కనుండి చూశా. బండి నిలబడే ఉంది, అరుపు మాత్రం విమానంలా, వీధి మొత్తం పొగ. డ్రైవర్ తాళం చేత్తో పట్టుకుని బయట నిలబడి చూస్తున్నాడు. ఎవరో పెద్దాయన వచ్చి టాప్ గేరు వేసి, బ్రేక్ మీద నిలబడి క్లచ్ వదిలి ఆపాడు. ఆటోమేటిక్ అయితే ఆ దారి కూడా లేదు, గాలి పోయే మూతి చెక్కతో మూయాలి. చెయ్యి పెట్టకూడదు.

సైలెన్సర్_సుబ్బు
తాళం జేబులో, బండి స్టార్టులో. భలే.

ముసలిబండి
1000 అయింది. ఎక్కడా వాలు లేదు, అదే చోటు, అదే టైము. వంటింటి తూకం మీద డబ్బా పెట్టి చూస్తే 470 గ్రాములు పట్టింది. దొర లెక్క ప్రకారం 550 మిల్లీలీటర్లు. ముందు 1000కి 830 దాకా తాగేది కదా, అంటే మూడో వంతు తగ్గింది. (అమ్మ తూకం మిషన్ తుడిచి పెట్టేశా, ఆమెకి ఇది తెలియనక్కర్లేదు.)

పొద్దున గుప్పు మాత్రం అలాగే ఉంది.

డిప్‌స్టిక్_దొర
పాత 830 నువ్వు వాలులో కొలిచింది. అందుకని మూడో వంతు అనే మాటని గట్టిగా పట్టుకోకు. ఈ 550 మాత్రం నమ్మొచ్చు.

చిక్కటి_నూనె
కొన్ని కంపెనీల మాన్యువల్‌లో 1000కి లీటర్ దాకా తాగినా మామూలే అని రాసి ఉంటుంది. 550 అంటే పాస్ అయిపోయావు, ఇంక పోసుకుని తిరుగు.

బోల్టు_బాబాయ్
అది వాళ్ళు వారంటీ తగవులు తప్పించుకోడానికి రాసుకున్న గీత. కొత్త ఇంజిన్ అంత తాగితే రాసినోడే నిద్రపోడు. ఇప్పుడు కంప్రెషన్ తియ్యి. ఇంజిన్ వేడి చేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోల్, ఇగ్నిషన్ కట్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కీ ఐదారు దెబ్బలు. తీసిన ప్లగ్గులు వరసగా పెట్టి ఫోటో కూడా పెట్టు.

ముసలిబండి
తీశా. పీఎస్ఐలో: 172, 170, 168, 151. నాలుగోది పోయినట్టేనా?
ప్లగ్గులు నాలుగూ పొడిగానే ఉన్నాయి, కానీ రెండు, మూడింటికి ఒక పక్క మాత్రమే తెల్లటి బూడిద పెచ్చు కట్టింది.

మూడో_గేరు
నాలుగు పాయె. రింగే. నానబెట్టు.

నీలిపొగ
తడి పరీక్ష చెయ్యి. నాలుగో దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్, 5 మిల్లీ మించకుండా పోసి మళ్ళీ తియ్యి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

డిప్‌స్టిక్_దొర
ఆగండి. 172, 170, 168, 151. వరసగా తగ్గుతున్నాయి, గమనించారా? అదే వరసలో తీశావా? ఛార్జర్ పెట్టావా?

ముసలిబండి
అదే వరసలో. ఛార్జర్ లేదు. చివర్లో సెల్ఫ్ కొంచెం మూలిగింది, అది నిజమే...

ముసలిబండి
ఛార్జర్ పెట్టి నాలుగోదే ముందు తీశా. 169. దొరా, దండం. తడి పరీక్ష చేస్తే 174. మూడో_గేరన్నా, నాలుగు బతికింది.

మూడో_గేరు
బతకనీ బతకనీ. నా క్లీనర్ డబ్బా మిగిలింది.

నీలిపొగ
సంతోషమే, కానీ మళ్ళీ చెప్తున్నా: ఇది పై రింగుల సర్టిఫికెట్ మాత్రమే. బోరోస్కోప్ (సన్న గొట్టం కెమెరా) దొరికితే ప్లగ్గు చిల్లులోంచి పిస్టన్ తల చూడు. అంచు చుట్టూ మసి కడిగేసినట్టు మెరుస్తుంటే నూనె కిందనుంచి, రింగులు దాటి వస్తోంది. అంచుదాకా పొడి మసి ఉంటే పైనుంచి.

ముసలిబండి
ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరా ఆఫీసులో ఒకరి దగ్గర దొరికింది. పిస్టన్ తలలు ఒకటి, మూడు, నాలుగు అంచుదాకా పొడి నలుపు. రెండో దాంట్లో ఒక పక్క చంద్రవంకలా శుభ్రంగా ఉంది, నీలిపొగ చెప్పినట్టే. త్రాటిల్ బాడీ ఎలాగూ విప్పాను కదా అని అటునుంచి కూడా దూర్చి ఇన్‌టేక్ వాల్వుల వెనక చూశా: తడి, దాని మీద దళసరి మసి, బొగ్గు పూసినట్టు. అన్నింటికీ.

బోల్టు_బాబాయ్
ఎక్కువ భాగం సీళ్ళు. రెండో దాంట్లో ఆయిల్ రింగు కూడా కొంచెం. వాల్వు వెనక మసిలో పాత పీసీవీ పాపం కూడా ఉంటది. ఇంజిన్ దించక్కర్లేదు. హెడ్ కూడా దించక్కర్లేదు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చావు?

ముసలిబండి
గుర్తు లేదు. నాన్నకీ గుర్తు లేదు.

బోల్టు_బాబాయ్
అయితే ఆ పని ఎలాగూ ఉంది. బెల్ట్ తీసి క్యామ్‌షాఫ్ట్‌లు ఎత్తేస్తే సీళ్ళు కనపడతయి. స్ప్రింగు విప్పేటప్పుడు వాల్వు సిలిండర్‌లోకి పడిపోకుండా కంప్రెసర్ గాలి పెడతారు. గాలి లేకపోతే తాడు. పిస్టన్ కొంచెం కిందున్నప్పుడు ప్లగ్గు చిల్లులోంచి శుభ్రమైన నైలాన్ తాడు బారెడు బారెడు తోసి, కొస బయటే ఉంచి, క్రాంక్‌ని పానాతో చేత్తో తిప్పు. తాడు నలిగి వాల్వుల్ని కిందనుంచి మోస్తది. సెల్ఫ్ మాత్రం ముట్టుకోకు.

టాపెట్లు ఏది ఎక్కడిదో అక్కడికే పోవాల. నూనె కిందకి దిగే చిల్లులన్నీ గుడ్డలతో మూసెయ్, వాల్వు స్ప్రింగుని పట్టి ఉంచే చిన్న లాకులు అందులో పడ్డాయంటే సంప్ దాకా పోతయి. స్ప్రింగు తీశాక వాల్వుని ఇంత దింపి పక్కలకి ఊపి చూడు. గైడ్ బాగా ఊగితే ఆపెయ్, కొత్త సీలు కూడా ఎక్కువ రోజులు నిలవదు, అప్పుడు హెడ్ దించాల్సిందే. క్యామ్ క్యాపుల బోల్టులు ఒక్కసారి పీకెయ్యొద్దు, అన్నీ కొంచెం కొంచెం.

డిప్‌స్టిక్_దొర
చాలా ఇంజిన్లలో ఇన్‌టేక్ సీళ్ళు, ఎగ్జాస్ట్ సీళ్ళు రంగు వేరు. తారుమారు చేయకు. కొత్త సీలు దూర్చేటప్పుడు వాల్వు కొసకి సన్న ప్లాస్టిక్ తొడుగు వెయ్యి, లాకు గాడి అంచు సీలు పెదవిని కోసేస్తుంది.

ల్యాబ్_లక్ష్మి
దొరికితే విటాన్ రబ్బరు సీళ్ళు అడగండి. పాతవి నైట్రైల్ రబ్బరువి అయితే వేడికి ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడతాయి. విటాన్ ఆ వేడిని బాగా తట్టుకుంటుంది.

ముసలిబండి
శని, ఆదివారాలు రెండూ పోయాయి. నేనూ, మా తమ్ముడూ, శనివారం సాయంత్రం వరకూ మాతో ఉండి "ఇంక నీ తలరాత" అని వెళ్ళిపోయిన ఒక ఫ్రెండూ.

మొదటి సీలు ప్లయర్‌తో పట్టి లాగగానే రబ్బరులా సాగకుండా టక్కున విరిగి చేతిలో మూడు ముక్కలైంది. కొత్తది పక్కన పెట్టి నొక్కితే మెత్తగా వంగి మళ్ళీ లేస్తోంది, పాతది గోరుతో గీస్తే ప్లాస్టిక్ చప్పుడు. పదహారూ అంతే. ఇన్‌టేక్‌వి రెండు అసలు పట్టుకునే లేవు, వాల్వు కాడ చుట్టూ గాజులా తిరుగుతున్నాయి. గైడ్లు ఊగలేదు, చెప్పుకోదగినంత.

టాపెట్లు గుడ్ల అట్ట మీద నంబర్లు రాసి పెట్టా.

ఇక అసలు కథ. పదహారు వాల్వులు, వాల్వుకి రెండు లాకులు, ముప్పై రెండు. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి చివరి వాల్వు బిగించబోతే చేతిలో ముప్పై ఒకటో లాకే ఉంది. గుడ్డలన్నీ తీసి దులిపాం. మేగ్నెట్‌తో హెడ్ అంతా తడిమాం. తమ్ముడు నేల మీద బోర్లా పడుకుని ఫోన్ లైటు వేసి వెతికాడు. నేను సంప్ విప్పడానికి మానసికంగా సిద్ధమైపోయా. నలభై నిమిషాలు. చివరికి స్ప్రింగు నొక్కే పనిముట్టు కప్పు లోపల, గ్రీజుకి అతుక్కుని ఉంది. అంతసేపూ అది నా చేతిలోనే ఉంది.

సైలెన్సర్_సుబ్బు
చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం ఇదే.

కొత్తగా_కొన్నా
స్టార్ట్ అయిందా మరి??

ముసలిబండి
మార్కులు మూడుసార్లు చూసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, ఎక్కడా తగలట్లేదని చూసుకుని కొట్టా. అయింది. మొదటి పది నిమిషాలు విపరీతమైన పొగ, గుండె ఆగింది.

బోల్టు_బాబాయ్
బిగించేటప్పుడు పూసిన నూనె, సైలెన్సర్‌లో పాతది. కాలిపోద్ది. రేపు పొద్దున చూసి చెప్పు.

ముసలిబండి
పొద్దున ఏమీ లేదు. నిన్నా లేదు, ఇవాళా లేదు.

ముసలిబండి
1500 కిలోమీటర్ల తర్వాత. ఆయిల్ అదే బ్రాండ్, అదే గ్రేడ్, మార్చలేదు. 170 గ్రాములు, అంటే 200 మిల్లీ. దిగుడులో తొక్కినా పొగ లేదు. రెండో సిలిండర్ ఇంకా కొంచెం తాగుతూ ఉండొచ్చు. తాగనీ.

నీలిపొగ
బాగుంది. రెండో దానికి వచ్చే ఆయిల్ మార్పుకి ముందు మూడో_గేరు మందు ఒకసారి చూడు. తొందరపడి సెల్ఫ్ కొట్టకు మాత్రం.

మూడో_గేరు
డబ్బా పంపియ్యనా?

చిక్కటి_నూనె
ఆ పాత ఆయిల్ పారబోయకు, నా బండికి పోస్తా.

సైలెన్సర్_సుబ్బు
అన్నీ అయ్యాయి గానీ, ఆ నైలాన్ తాడు ఎక్కడిది?

ముసలిబండి
పెరట్లో బట్టలారేసేది. ఉతికి మళ్ళీ అక్కడే కట్టేశా. అమ్మ తెల్ల చీర మీద బారెడు నల్ల గీత పడింది. తూకం మిషన్ సంగతి కూడా అప్పుడే బయటపడింది.